పాపను ఏ బడిలో వేద్దాం?

సంక్రాంతికి అందరం ఊళ్ళో కలిశాం. డెంకణికోట దగ్గర మన పాత ఇంట్లో ఇంతమంది చేరి నాలుగేళ్ళయింది. పండగ మర్నాడు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, తమ్ముడి కొడుకు వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. వాడు ఊరికే కూర్చునే రకం కాదు. కాసేపు పూలతోట గురించి, రోజా ధర గురించి మాట్లాడి, చివరికి అసలు సంగతి బయటపెట్టాడు.

"అత్తా, ఒక యాభై వేలు సర్దుతావా? పాపను హోసూరులో ఇంగ్లీషు బడిలో వేస్తా ఉండాం. జూన్ లోపల కట్టాల. ఏడాదిలో తీర్చేస్తా."

డబ్బు సంగతి చెప్పడానికి నోరు తెరిచే లోపలే ఇంట్లో తలా ఒక మాట మొదలైంది. ఊరి పంచాయతీ బడిలో తెలుగు విభాగం ఇంకా ఉంది కదా అని అన్న. తమిళ విభాగంలో వేస్తే రేపు ఉద్యోగానికి పనికొస్తుందని తమ్ముడు. ఈ కాలంలో ఇంగ్లీషు లేకపోతే ఎట్లా అని కోడలు. పాప మాత్రం పెరట్లో చెరుకు ముక్క నములుతూ ఆడుకుంటోంది. ఐదేళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, అంగన్‌వాడీలో తమిళం, ఫోనులో ఇంగ్లీషు పాటలు. దానికి ఏ భాషతోనూ తగాదా లేదు. తగాదా అంతా మనకే.

ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఆలోచించి చెప్తానన్నాను. ఈ తూరి ఆ ఆలోచనే రాస్తున్నాను. మన బంధువుల ఇళ్ళల్లో ఈ జూన్‌కి ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లలు నాకు తెలిసి ఐదుగురున్నారు. కాబట్టి ఇది ఒక్క పాప సంగతి కాదు.

ముగ్గురు పిల్లలు, మూడు బడులు

ముందు నా కత చెప్పాలి. లేకపోతే నేనేదో భాషాభిమానంతో మాట్లాడుతున్నానని అనుకుంటారు.

మా నాయనకి ముగ్గురు పిల్లలం. అన్నను తమిళ బడిలో వేశాడు. సర్కారు ఉద్యోగం రావాలంటే తమిళం రావాలని ఆయన లెక్క. తమ్ముడు బడికి పోయే వేళకి హోసూరులో ఫ్యాక్టరీలు వస్తున్నాయన్న మాట మొదలైంది. ఫ్యాక్టరీలో పనంటే ఇంగ్లీషు కావాలి. అందుకని ఒక మడి గుత్తకిచ్చి, వాణ్ణి టౌనులో ఇంగ్లీషు బడికి పంపాడు. నన్ను 1967లో ఊళ్ళోనే తెలుగు బడిలో వేశాడు. తెలుగు మీద ప్రేమతో కాదు. ఇంటికి రెండు వీధుల అవతల ఉంది, ఖర్చు లేదు, ఆడపిల్ల.

మన పాత కుటుంబాల్లో ఇది చాలా చోట్ల జరిగిందే. మీ ఇళ్ళల్లో కూడా గుర్తు చేసుకోండి. మా తరంలో తెలుగు చదవడం, రాయడం వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళు ఎందుకు ఎక్కువ? మగపిల్లల చదువు మీద డబ్బు పెట్టారు కాబట్టి వాళ్ళు తమిళానికో ఇంగ్లీషుకో పోయారు. మా మీద పెట్టలేదు కాబట్టి మాకు తెలుగు మిగిలింది. దాన్నే ఇప్పుడు వారసత్వం అంటున్నాం.

ఆ తెలుగు బడిలో ఎనిమిది దాకా బాగా చదివాను. తొమ్మిదికి పక్క ఊరి హైస్కూలుకి పోవాలి. అక్కడ అన్నీ తమిళంలోనే. తెలుగులో చెప్పే హైస్కూలు హోసూరులో ఉండేది, కాని ఆడపిల్లను హాస్టల్లో పెట్టి చదివించే ఆలోచన నాయనకి లేదు. నాకు తమిళం మాట్లాడటం వచ్చు. సంతలో బేరమాడటం వచ్చు. కాని భూగోళం, లెక్కలు తమిళంలో చదివి రాయాలంటే అక్షరం దగ్గర్నుంచి మొదలు. ఆ ఏడు పరీక్ష తప్పాను. మళ్ళీ పంపలేదు. పద్దెనిమిదేళ్ళకి పెళ్ళి.

కాబట్టి తెలుగు బడిలో వేస్తే చాలు అంతా బాగుంటుందని నేను చెప్పను. దాని ధర నేను కట్టాను.

ఇంకో పక్క కూడా ఉంది. నా కొడుకుని నేను ఇంగ్లీషు బడిలోనే వేశాను. బెంగళూరులో మంచి ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ళ కింద పొలం హద్దు తగాదా వచ్చినప్పుడు తాత కాలం నాటి భాగపత్రం బయటికి తీశాం. వాడు దాన్ని ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపించి, "అమ్మా, ఇందులో ఏముందో చదివి చెప్పు" అన్నాడు. తాత చేతిరాత, తాత భాష, వాడి సొంత భూమి. చదవడానికి ఎనిమిదో తరగతి తల్లి కావాల్సి వచ్చింది. నేను పోయాక ఎవరు చదువుతారు?

ఈ రెండు నష్టాలూ నాకు తెలుసు. పాప సంగతి ఆలోచించేటప్పుడు ఒకటి చూసి ఇంకొకటి మరిచిపోకూడదు.

డబ్బు లెక్క

అల్లుడు చెప్పిన లెక్క ఇది. ఫీజు ఏడాదికి 58 వేలు. వ్యాన్‌కి 18 వేలు. పుస్తకాలు, యూనిఫారం, బూట్లు కలిపి 8 వేలు. మొత్తం 84 వేలు. నెలకి ఏడు వేలు. వాడి జీతం 27 వేలు. అంటే నాలుగో వంతు పైనే ఒకటో తరగతికే పోతుంది. పై తరగతులకి పోయే కొద్దీ పెరిగేదే గాని తగ్గేది కాదు.

ఊరి బడిలో ఫీజు లేదు. పుస్తకాలు, యూనిఫారం సర్కారే ఇస్తుంది. మధ్యాహ్నం భోజనం తమిళనాడులో మనకి చిన్నప్పటి నుంచి తెలిసిందే. కామరాజర్ కాలంలో మొదలై, 1982లో ఎం.జి.ఆర్. కాలంలో పెద్దదయింది. 2022 సెప్టెంబరులో పొద్దున టిఫిను కూడా మొదలుపెట్టారు, మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా సర్కారు ప్రాథమిక బడులకి ఇచ్చారు. ఐదున్నరకి పూలు కోయడానికి పోయే తల్లికి ఇది చిన్న సంగతి కాదు.

ఇంకా ఉంది. ఆరు నుంచి పన్నెండు దాకా సర్కారు బడిలో చదివిన పిల్లలకి వైద్య కాలేజీ సీట్లలో 7.5 శాతం వేరుగా పెట్టారు, 2020 నుంచి. ఆడపిల్లలు అట్లా చదివి కాలేజీకి పోతే 2022 నుంచి నెలకి వెయ్యి రూపాయలు. ఇక్కడ మన వాళ్ళు ఒక విషయం కలగాపులగం చేసుకుంటారు. ఈ సాయాలు సర్కారు బడికి వచ్చేవి. బోధన ఏ భాషలో అన్నదానితో వీటికి పని లేదు.

బోధన భాషతో పని ఉండేది వేరే ఒకటుంది. తమిళ మాధ్యమంలో చదివినవాళ్ళకి రాష్ట్ర సర్కారు ఉద్యోగాల్లో 20 శాతం ప్రాధాన్యం ఇచ్చే చట్టం 2010లో వచ్చింది. 2020లో దాన్ని సవరించి, డిగ్రీ ఒక్కటే తమిళంలో చదివితే చాలదు, బడి చదువు నుంచే తమిళ మాధ్యమం ఉండాలన్నారు. తమ్ముడు తమిళ విభాగం అనడానికి కారణం ఇదే. వాడి మాట తోసేసేది కాదు. ఐదేళ్ళ పాపను తెలుగులో వేసినా, ఇంగ్లీషులో వేసినా, ఇరవై ఏళ్ళ తర్వాత రాబోయే ఆ 20 శాతం తలుపు ఇప్పుడే మూసినట్టు.

చూడండి, ఎంత విచిత్రమో. పలక పట్టుకోవడం కూడా రాని బిడ్డ చేత ఇరవై ఐదేళ్ళ వయసు ఉద్యోగం లెక్క కట్టిస్తున్నారు.

ఇరుగు పొరుగు లెక్క

కోడలు మాలూరు పక్క పిల్ల. పది దాకా కన్నడంలో చదివింది. ఆమె మాట కూడా రాయాలి, ఎందుకంటే ఇంట్లో అందరూ ఆమెకి ఫ్యాషన్ ఎక్కువని తేల్చేశారు. అది న్యాయం కాదు.

రాత్రి గిన్నెలు కడిగేటప్పుడు నాతో చెప్పింది. "పెద్దమ్మా, పి.యు.సి.లో మొదటి ఆర్నెల్లు నేను నోరు తెరవలేదు. జవాబు తెలుసు. ఇంగ్లీషులో చెప్పాలంటే భయం. నగుతారని. పాపకి ఆ భయం రాకూడదు, అంతే. నాకు వేరే ఆశ లేదు."

దీనికి ఏం చెప్తాం? నేను తొమ్మిదిలో పడిన బాధ, ఆమె పదకొండులో పడిన బాధ, రెండూ ఒకటే. ఇద్దరమూ ఒక భాష బడి నుంచి ఇంకో భాష బడికి మెట్టు లేని చోట దిగాం. నేను పడ్డాను, ఆమె నిలబడింది.

దీనికి తోడు వీధి చూపు. పక్కింటి పిల్లలకి పసుపు వ్యాను వాకిట్లోకి వస్తుంది. మన పిల్ల సంచి భుజాన వేసుకుని నడిచి పోతుంది. "ఆడబిడ్డ కదా, అందుకే సర్కారు బడి" అని ఎవరో ఒకరు అననే అంటారు. నా విషయంలో అది నిజం కూడా. కాబట్టి ఆ మాట ఈ ఇంట్లో ఇంకా గట్టిగా తగులుతుంది. అల్లుడు కట్టాలనుకునే 84 వేలలో సగం చదువుకి, సగం ఆ మాట వినకుండా ఉండటానికి. నేనిది ఎగతాళిగా చెప్పడం లేదు. పరువు కూడా ఖర్చే. పేదవాళ్ళకి అది ఇంకా పెద్ద ఖర్చు.

సర్కారు లెక్క

మన సంఘాల సభల్లో రాజ్యాంగం మాట వస్తూ ఉంటుంది. 350ఎ అధికరణం 1956లో చేర్చారు, రాష్ట్రాల్ని భాషల ప్రకారం విభజించిన ఏడే. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని అది చెప్తుంది. అందులో "ప్రాథమిక దశ" అన్న మాట గట్టిగా పట్టుకోవాలి. రాజ్యాంగం మనకి మాట ఇచ్చింది ఆ దశ దాకానే. తర్వాత ఏమవుతుందో చెప్పలేదు. నేను పడింది సరిగ్గా ఆ తర్వాతి గోతిలోనే.

దానికి ముందే, 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు కూర్చుని ఒక కొలత పెట్టారు. ఒక తరగతిలో పది మంది గాని, బడి మొత్తంలో నలభై మంది గాని ఆ భాష పిల్లలుంటే ఒక ఉపాధ్యాయుణ్ణి వేయాలి. మన ఊరి తెలుగు విభాగంలో ఇప్పుడు 43 మంది. మా కాలంలో నూటికి పైన ఉండేవాళ్ళం. అర్థమయింది కదా? నాలుగు ఇళ్ళవాళ్ళు పిల్లల్ని వ్యాను ఎక్కిస్తే నలభై కిందికి పోతుంది. తెలుగు చెప్పే టీచరమ్మ రిటైరయ్యాక ఇంకొకర్ని వేయమని అడగడానికి చేతిలో లెక్క ఉండదు. అప్పుడు నష్టపోయేది వ్యాను ఎక్కినవాళ్ళు కాదు. వ్యానుకి డబ్బు లేనివాళ్ళు.

ఇక 2006 తమిళం నేర్చుకునే చట్టం. ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున అందరికీ తమిళం తప్పనిసరి చేశారు. మొదటి భాగం తమిళం, రెండోది ఇంగ్లీషు, మూడోది మిగతా పాఠాలు. మన మాతృభాష నాలుగో భాగం, అదీ ఇష్టమైతే. ఆ బ్యాచ్ 2016లో పది పరీక్షకి వచ్చే వేళకి మన వాళ్ళూ, ఉర్దూ వాళ్ళూ, మిగతా భాషల వాళ్ళూ హైకోర్టుకి పోయి మినహాయింపు తెచ్చుకున్నారు. 2023లో సుప్రీంకోర్టు ఇంకో ఏడాది పొడిగించింది.

ఈ విషయంలో నా అభిప్రాయం మన సంఘాల పెద్దలకి రుచించకపోవచ్చు. ఒకటి నుంచి తమిళం నేర్పడం తప్పని నేను అనను. నాకు ఎనిమిది దాకా బడిలో ఒక్క తమిళ అక్షరం నేర్పలేదు. 1968లో రాష్ట్రం రెండు భాషలు చాలన్నది. మా బడికి ఆ రెండూ తెలుగు, ఇంగ్లీషు. తమిళనాడులో పుట్టి, తమిళనాడులో చదివి, తమిళం చదవలేక పరీక్ష తప్పాను. మన భాషకి గౌరవం ఇచ్చామని పెద్దలు అనుకున్నారు. దారి మాత్రం మూసుకుపోయింది. ఆ రోజు వారానికి నాలుగు గంటలు తమిళం నేర్పి ఉంటే నా బతుకు వేరేగా ఉండేది.

తప్పు వేరే చోట ఉంది. తమిళం తప్పనిసరి అన్నారు గాని తెలుగు బడులకి తమిళం చెప్పే టీచర్లను సరిగా వేయలేదన్నది మన వాళ్ళ పాత ఫిర్యాదు. తెలుగుని నాలుగో భాగంలోకి నెట్టి, చాలా ఏళ్ళు ఆ మార్కులు లెక్కలోకి తీసుకోకపోవడం ఇంకొకటి. లెక్కలోకి రాని పాఠాన్ని ఏ పిల్ల కష్టపడి చదువుతుంది? ఏ తల్లి చదువు అంటుంది? మనం అడగాల్సింది తమిళం వద్దని కాదు. తమిళం సరిగా నేర్పండి, మా తెలుగుకీ విలువ ఇవ్వండి అని.

అత్తిబెలె దాటి కర్నాటకలో వేద్దామన్నారు ఇంట్లో ఒకరు. అక్కడ 2015 చట్టంతో కన్నడం తప్పనిసరి. గడప మారుతుంది గాని నియమం మారదు. అక్కడే 1994లో సర్కారు నాలుగు దాకా మాతృభాషలోనే చెప్పాలని ఆజ్ఞ ఇస్తే, 2014లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఏ భాషలో చదివించాలో తల్లిదండ్రులు ఎంచుకోవచ్చు, సర్కారు బలవంతం చేయకూడదని. మంచి తీర్పే. కాని ఎంచుకునే హక్కు ఉండటం వేరు, ఎంచుకోవడానికి జేబులో ఉండటం వేరు.

జేబులో లేనివాళ్ళకని 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో నూటికి 25 సీట్లు పెట్టింది. పోయిన ఏడు చిన్నాయన మనవడికి ఆ సీటు కోసం వాళ్ళు ఎదురు చూశారు. జాతీయ విద్యావిధానం, మూడు భాషల సంగతి మీద ఢిల్లీకి, చెన్నైకి తగాదా. 2024-25కి రావలసిన 2,152 కోట్లు కేంద్రం ఆపేసింది. రాష్ట్రం సుప్రీంకోర్టుకి పోయింది. ఆ సందులో జూన్ పోయింది, జూలై పోయింది. సీట్ల పని అక్టోబరులో మొదలైంది. అంతవరకు ఐదేళ్ళ పిల్లవాణ్ణి ఇంట్లో కూర్చోబెడతారా? వడ్డీకి తెచ్చి ఫీజు కట్టారు. భాషల గురించి పెద్దవాళ్ళు చేసుకునే తగాదాకి బిల్లు చివరికి ఎవరి ఇంటికి వస్తుందో చూశారు కదా.

అల్లుడు ఇంకో మాట అన్నాడు. "తెలుగు రాష్ట్రంలోనే ఒకటి నుంచి ఆరు దాకా సర్కారు బడుల్లో అంతా ఇంగ్లీషు చేస్తామని 2019లో జీవో ఇచ్చినారు. వాళ్ళకే వద్దనుకున్న భాష మనం మోయాల్నా అత్తా?" ఆ జీవోని మరుసటి ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, అది వేరే సంగతి. వాడి ప్రశ్నకి నా జవాబు ఇది. అక్కడ బడిలో తెలుగు తగ్గినా వీధిలో బోర్డు ఉంటుంది, బస్సు మీద అక్షరం ఉంటుంది, పేపరు వస్తుంది. మనకి బడిలో పోతే ఇంకెక్కడా కనపడదు. నోట్లో ఉంటుంది, కంటికి ఆనదు.

నేను చెప్పేది

తల్లిదండ్రుల్ని నిందించడం మానుకుందాం. మన కుటుంబాల్లో ఎవరూ భాష మీద ప్రేమతోనో ద్వేషంతోనో బడి ఎంచుకోలేదు. మా నాయన ఎంచుకోలేదు, నేను ఎంచుకోలేదు. జేబు చూశాం, వీధి చూశాం, సర్కారు ఏం ఇస్తుందో చూశాం. అలా లెక్క చూసినవాళ్ళని భాషాద్రోహులంటే వాళ్ళు ఇంకా దూరం పోతారే గాని దగ్గరికి రారు.

అయినా నన్ను అడిగారు కాబట్టి పాప విషయంలో నా మనసు చెప్తాను. ఐదు దాకా ఊరి బడిలో తెలుగు విభాగంలో వేయమంటాను. మొదటిది, టీచరమ్మ చెప్పేది బిడ్డకి అర్థమవుతుంది. ఒకటో తరగతిలో నేర్చుకునేది చదవడం. తెలిసిన మాటని అక్షరంలో చూస్తే పిల్లలు ఎగిరి పట్టుకుంటారు. తెలియని మాటైతే బట్టీ పడతారు. పుస్తకం తెలుగు, మనింటి తెలుగు ఒకటి కాదు, నిజమే. మనం "ఉండాది" అంటే పుస్తకం "ఉంది" అంటుంది. ఆ దూరం బిడ్డ ఒక వారంలో దాటుతుంది. రెండోది, నాకు లేని తమిళం దానికి మొదటి రోజు నుంచే ఉంటుంది. ఆరో తరగతికి తమిళానికి పోయినా, ఇంగ్లీషుకి పోయినా మెట్టు ఉంటుంది. మూడోది, ఆ 84 వేలలో నాలుగో వంతు పెట్టినా సాయంత్రం ఇంగ్లీషు మాట్లాడించే మనిషిని పెట్టుకోవచ్చు. కోడలి భయానికి అది మందు. ఆ భయం నిజమైంది కాబట్టి దానికి డబ్బు పెట్టడం న్యాయమే.

నష్టం కూడా చెప్పాలి. తమిళ మాధ్యమం 20 శాతం పోతుంది. ఐదు తరగతులకి కలిపి టీచర్లు ఇద్దరే. ఒకరు సెలవు పెడితే ఆ రోజు చదువు లేదు. ఇవి దాచి మాట్లాడితే నేను మోసం చేసినట్టు.

ఎక్కడ వేసినా సరే, ప్రతి ఇంట్లో రెండు పనులు చేయొచ్చు. బిడ్డకి ఎనిమిదేళ్ళు వచ్చే లోపల ఇంట్లో ఎవరో ఒకరు తెలుగు అక్షరాలు నేర్పండి. రోజుకి పావుగంట, ఒక ఏడాది. అవ్వలు, తాతలు ఉండేది సీరియల్ చూడటానికి మాత్రమే కాదు. రెండోది, బిడ్డను చేర్చే రోజు దరఖాస్తులో మాతృభాష అన్న చోట తెలుగు అని రాయండి. చాలామంది తొందరలో తమిళమో కన్నడమో రాసేస్తారు, లేకపోతే గుమాస్తా రాసిందానికి సంతకం పెడతారు. పది, నలభై అన్న లెక్క కూడేది ఆ గడిలోనే. రాయకపోతే కాగితం మీద మనం లేము.

యాభై వేల సంగతి

చివరికి అల్లుడికి నిన్న ఫోన్ చేశాను. పైన రాసిందంతా చెప్పాను. వాడు విన్నాడు. ఒప్పుకున్నాడని చెప్పలేను. సోమవారం సెలవు పెట్టి, భార్యాభర్తలిద్దరూ ఊరి బడికి పోయి ఒక పూట వెనక బల్ల మీద కూర్చుని చూస్తామన్నారు. హోసూరు బడికి కూడా అట్లాగే పోయి చూడండి అన్నాను. అక్కడ లోపలికి రానిస్తారో లేదో అన్నాడు. అది కూడా చూడాల్సిన విషయమే అన్నాను.

తర్వాత డబ్బు. తెలుగు విభాగంలో వేస్తేనే ఇస్తానని చెప్పమని అన్న నాకు సలహా ఇచ్చాడు. ఒక రాత్రంతా ఆలోచించాను. నా బడి నిర్ణయించింది నాయన డబ్బు. ఎవరి మీద పెట్టాలి, ఎవరి మీద పెట్టకూడదు అన్న లెక్క. దాని ఫలం నేను అరవై ఏళ్ళుగా మోస్తున్నాను. ఇప్పుడు నా చేతిలో నాలుగు రూపాయలున్నాయని ఆ పెత్తనమే నేను చేస్తే, మంచి ఉద్దేశంతో చేసినా, అదే పని.

అందుకని డబ్బు పంపేశాను. ఏ బడిలో వేసినా సరే, అది పాప చదువు డబ్బు. తీర్చక్కర్లేదని చెప్పాను. ఒక్కటే అడిగాను. ప్రతి ఆదివారం పాపను నా దగ్గర ఒక గంట వదిలిపెట్టాలి. తాత భాగపత్రం ఇంకా బీరువాలోనే ఉంది. దాన్ని చదవగలిగే మనిషి ఈ ఇంట్లో నా తర్వాత ఇంకొకరు ఉండాలి.